హైదరాబాద్‌కు కొత్తగా వచ్చి పిల్లల్ని సర్కారు బడిలో చేర్చారా? ఈ ఊరి కళలను క్లాసు దాకా తెచ్చుకునే దారులు

హైదరాబాద్‌లో దిగిన కొత్తలో "దగ్గర్లో పబ్లిక్ స్కూల్ ఎక్కడుంది?" అని అడగకండి. ఇక్కడ బోర్డు మీద పబ్లిక్ స్కూల్ అని రాసి ఉంటే అది దాదాపుగా ఫీజు కట్టే ప్రైవేటు బడే. అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఈ మాట దగ్గరే బాగా తికమకపడతారు. ప్రభుత్వం నడిపే బడి కావాలంటే "సర్కారు బడి" అనండి, లేదా "గవర్నమెంట్ స్కూల్" అనండి. ఆటో అన్న నేరుగా గేటు ముందు దింపుతాడు.

నేను అలాంటి బడిలోనే సోషల్ చెబుతాను. దుబాయ్, మస్కట్ నుంచి తిరిగొచ్చినవాళ్ల పిల్లలు, భివండీ, సూరత్ మరమగ్గాలు వదిలి వెనక్కి వచ్చినవాళ్ల పిల్లలు, పాలమూరు నుంచి కూలిపనికి వచ్చినవాళ్ల పిల్లలు ఏటా జూన్‌లో మా దగ్గర చేరతారు. చేర్పించేటప్పుడు తల్లిదండ్రులు అడిగేవి మూడే: ఇంగ్లిష్ మీడియం ఉందా, పుస్తకాలు ఇస్తారా, మధ్యాహ్నం అన్నం బాగుంటుందా. మంచి ప్రశ్నలే. కానీ పాట గురించి, బొమ్మల గురించి, నాటకం గురించి ఎవరూ అడగరు. అవి డబ్బున్న పిల్లల సరదాలు అనుకుంటారు. అది చూసి నాకు ప్రతి ఏడూ బాధేస్తుంది. ఎందుకంటే ఈ ఊళ్లో పిల్లలకు పైసా ఖర్చు లేకుండానో, నామమాత్రపు ఫీజుతోనో దొరికేవి చాలా ఉన్నాయి. వాటికీ బడికీ మధ్య తిరిగే మనిషే తక్కువ. ఒక క్లాసుకు అలాంటి అమ్మో నాన్నో ఒక్కరు దొరికినా ఏడాదంతా మారిపోతుంది.

అన్నిటికన్నా ముందు ఆధార్‌లో చిరునామా మార్పించుకోండి. కళలకూ ఆధార్‌కూ సంబంధం ఏమిటంటారా? 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లు, ఆడపిల్లలు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా తిరగొచ్చు. కండక్టర్ జీరో టికెట్ ఇవ్వాలంటే కార్డు మీద తెలంగాణ చిరునామా కనిపించాలి. నలభై మంది పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్లేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. అమ్మాయిలకు, తోడు వచ్చే తల్లులకు చార్జీ ఉండదు; మగపిల్లల టికెట్లకు డబ్బు చూసుకుంటే చాలు. మేం ఎన్నో ఏళ్లు ఆగిపోయింది ప్రవేశ రుసుము దగ్గర కాదు, బస్సు కిరాయి దగ్గరే.

ఇక ఊరు చూడటం మొదలుపెట్టండి. మొదటి సెలవు రోజు ట్యాంక్‌బండ్ కంటే ముందు పిల్లల్ని నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకెళ్లమని నేను చెబుతాను. పాతవాళ్లు బాగ్-ఎ-ఆమ్ అంటారు. మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లోనో నాంపల్లిలోనో దిగి నడవచ్చు. ఆ ఒక్క తోటలోనే, దాని చుట్టుపక్కలే ఎన్ని ఉన్నాయో చూడండి. రాష్ట్ర మ్యూజియంలో శిల్పాలు, నాణేలు, అజంతా చిత్రాల నకళ్లు, ఈజిప్టు నుంచి వచ్చిన ఒక మమ్మీ. దగ్గర్లోనే పిల్లలకు పాట, నాట్యం, బొమ్మలు, మట్టిపని నేర్పే జవహర్ బాలభవన్. నాటకాలు ఆడే లలిత కళాతోరణం. కాస్త నడిస్తే రవీంద్రభారతి. టాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో మొదలైన ఆ హాల్లో ఏడాది పొడవునా సాయంత్రాలు ఏదో ఒక నాట్యమో, నాటకమో, కవుల సభో ఉంటుంది. చాలావాటికి టికెట్ ఉండదు. నేరుగా లోపలికి వెళ్లి కూర్చోవచ్చు. ఈ సంగతి తెలియక గేటు దగ్గరే నిలబడిపోయిన తల్లిదండ్రులను నేను చూశాను. వెళ్లండి, ఎవరూ ఆపరు.

మీ పిల్లకు గొంతు బాగుంటే రాంకోఠిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో అడగండి. 1952 నుంచి నడుస్తోంది. ప్రైవేటు ట్యూషన్లతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ. చదివే అలవాటున్న పెద్ద పిల్లలకు సుల్తాన్ బజార్‌లో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది, అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. చార్మినార్, గోల్కొండ లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. గోల్కొండలో కోట ప్రవేశద్వారం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుందని పుస్తకంలో చదివిన పిల్లలు, సగం మంది కింద సగం మంది పైన నిలబడి కొట్టి చూసిన రోజు చరిత్ర క్లాసులో ఎవరూ ఆవలించలేదు. ఆ కోటలో రాజ్యం చేసిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడు అని పిలుచుకున్నారని అక్కడే చెప్పండి. తెలుగు మీడియం, ఉర్దూ మీడియం ఒకే ఆవరణలో నడిచే మా బడుల్లో ఆ మాటకు ఉన్న బరువు వేరు.

ఇదంతా ఇంటివాళ్లు చేసుకునేది. క్లాసు మొత్తానికి అందాలంటే పని బడి ద్వారా జరగాలి.

అందులో మొదట చెప్పాల్సింది మాదాపూర్‌లో ఉన్న సీసీఆర్‌టీ గురించి. సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం అని అర్థం. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద 1979లో ఢిల్లీలో ఏర్పడిన సంస్థ, మన దగ్గరున్నది దాని ప్రాంతీయ కేంద్రం. ఇది చేసే పని అచ్చంగా మనకు కావాల్సిందే. టీచర్లను పిలిచి తోలుబొమ్మలు, పాట, చేతిపనులు పాఠంలో ఎలా కలపాలో నేర్పి పంపుతుంది. శిక్షణ పొందిన టీచర్ల బడులకు చిత్రాలు, పాటలతో ఒక కిట్ ఇస్తుంది. బడి పిల్లలకు చేతిపనుల శిబిరాలు పెడుతుంది. మీ పిల్లల టీచర్ల పేర్లు ఈ శిక్షణకు వెళ్లేలా హెడ్‌మాస్టర్‌ను అడగండి. తల్లిదండ్రులు అడిగితే ఆ పేర్లు జాబితాలో త్వరగా ఎక్కుతాయి. నా అనుభవం ఇది.

అదే సంస్థ పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు కళల్లో స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఏడాదికి 3,600 రూపాయలు, పైగా గురువుకు కట్టే ఫీజు 9,000 దాకా తిరిగి ఇస్తారు. సంప్రదాయంగా కళే వృత్తిగా ఉన్న కుటుంబాల పిల్లలకు కొన్ని ప్రత్యేకంగా కేటాయిస్తారు. మీ ఇంట్లో ఒగ్గుకథ చెప్పేవాళ్లు, చిందు ఆడేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు ఉంటే ఆ సంగతి దాచుకోకండి, సిగ్గుపడకండి. పట్నం వచ్చాక ఇంటి కళ గురించి మాట్లాడటం మానేసిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అప్లికేషన్ వేసేముందు ఆ ఏటి ప్రకటన తెప్పించుకుని చదవండి. వయసు లెక్కగట్టే తేదీ దగ్గరే చాలామంది పొరపాటు పడతారు.

స్పిక్‌మకే అని ఇంకొకటి ఉంది. 1977లో ఢిల్లీ ఐఐటీ ప్రొఫెసర్ కిరణ్ సేఠ్ మొదలుపెట్టారు. వాలంటీర్లతోనే నడుస్తుంది. పేరున్న విద్వాంసులను బడులకు తీసుకొచ్చి పాడిస్తారు, వాయింపిస్తారు, పిల్లలతో మాట్లాడిస్తారు. పిల్లల దగ్గర డబ్బు తీసుకోరు. బడి వైపు నుంచి కావాల్సింది ఒక శుభ్రమైన హాలు, మంచి మైకు, నేల మీద కూర్చోవడానికి జంఖానాలు, గంటసేపు గంట కొట్టకుండా ఉండే అటెండర్. పెద్ద పిల్లలు పోటీలకు వెళ్లాలనుకుంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వాళ్లకు 2015 నుంచి కళా ఉత్సవ్ జరుగుతోంది. జిల్లా నుంచి జాతీయ స్థాయి దాకా వెళ్లొచ్చు.

ఇన్ని చెప్పినా, నన్ను అడిగితే పది టూర్ల కన్నా ఒక కళాకారుడు మూడు శనివారాలు క్లాసులో కూర్చోవడం మేలు. ఒకసారి చేర్యాల బొమ్మలు వేసే ఒకాయన మా బడికి వచ్చారు. బెంచీలు జరిపి వరండాలో బొమ్మల గుడ్డ చుట్ట విప్పారు. ఎర్రటి నేపథ్యం, గళ్లుగళ్లుగా బొమ్మలు, పై నుంచి కిందికి కథ. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూస్తారని చెప్పి, ఆ ముద్ద చిన్న గిన్నెలో పిల్లలకు వాసన చూపించారు. భివండీ నుంచి వచ్చి ఏడో తరగతిలో చేరిన ఒక పిల్లాడు జూన్ నుంచి నోరు విప్పలేదు. వాడి తెలుగులో హిందీ కలుస్తుంది, పిల్లలు నవ్వుతారని భయం. ఆ రోజు ఒక గడిలో తామరతూళ్ల నుంచి నూలు తీసి బట్ట నేసే భావనారుషి కనిపించగానే వాడు లేచి, "ఈ కథ మా నానమ్మ చెప్పింది మేడం" అన్నాడు. పద్మశాలీల కథను ఇలాంటి చుట్ట పట్టుకుని కూనపులివాళ్లు ఊరూరా చెప్పేవారని ఆయన వివరించారు. తర్వాతి గడిలో ఏముందో వాడే చెప్పాడు, తెలుగూ హిందీ కలిపి, ఆగకుండా. ఎవరూ నవ్వలేదు. మూడో శనివారం వాళ్ల నానమ్మను తీసుకొచ్చాడు. ఆమె కుర్చీ వద్దని నేల మీదే కూర్చుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉచితం అంటే పిల్లలకు ఉచితం. కళాకారుడితో ఊరికే చేయించుకోవడం కాదు. ఖర్చు భరించే సంస్థ ఉంటే సరే. లేకపోతే తల్లిదండ్రులు తలా కొంత వేసుకుని దారిఖర్చు, ఆ రోజు కూలి కన్నా తక్కువ కాని గౌరవ వేతనం కవర్లో పెట్టి ఇవ్వండి. శాలువా కప్పి పంపించేస్తే ఆయన ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇప్పుడు హెడ్‌మాస్టర్ గారిని కలిసే సంగతి. ఆయనకు ఉండే టెన్షన్ ముందు అర్థం చేసుకోండి. ఏ పిల్లవాడికి ఏమైనా జవాబు చెప్పాల్సింది ఆయనే. అందుకే "సార్, పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్లండి" అంటే చూద్దాం అంటారు, అక్కడితో అయిపోతుంది. మీరే ఉత్తరం తయారుచేసుకుని వెళ్లండి. ఏ తరగతి, ఎంతమంది, ఏ పాఠానికి సంబంధించి, ఏ తేదీ, ఆ తేదీ కుదరకపోతే ఇంకో తేదీ, తోడు వచ్చే టీచర్లు, తల్లులు ఎవరు, మధ్యాహ్న భోజనం ఎక్కడ. ఇవన్నీ ఒక పేజీలో ఉంటే బడి లెటర్‌హెడ్ మీద టైపు చేసి సంతకం, ముద్ర వేయడం ఆయనకు ఐదు నిమిషాల పని. మ్యూజియంలో ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద ఉత్తరం అందినట్టు ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. బడిలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంటుంది. ఆ కమిటీలోని అక్కలను ముందే కలిసి మాట్లాడితే తల్లుల సంతకాలు ఒక్క సాయంత్రంలో అయిపోతాయి. పాఠంతో ముడిపెట్టడం మాత్రం మరచిపోవద్దు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు సంచి లేకుండా బయటి పనులు నేర్పించాలంటోంది. ఉత్తరంలో ఆ వాక్యం ఒకటి రాయండి.

తేదీ విషయంలో నా తప్పు మీరు చేయకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ముప్పై ఎనిమిది మందిని ఒక మ్యూజియం గేటు దాకా తీసుకెళ్లాను. ఆ రోజు శుక్రవారం, తాళం వేసి ఉంది. ఎండలో నిలబడి ఒక పిల్ల "మనల్ని రానివ్వరా టీచర్?" అని అడిగింది. సెలవు రోజు అని చెప్పినా దాని ముఖంలో నమ్మకం కనిపించలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ ఊళ్లో సాలార్‌జంగ్‌తో సహా కొన్ని మ్యూజియంలకు శుక్రవారం సెలవు. ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. పరీక్షల నెలలు వదిలేయండి. జూలై, ఆగస్టు, మళ్లీ నవంబరు నుంచి జనవరి దాకా అనుకూలం.

సాలార్‌జంగ్‌కు వెళ్తే అన్నీ చూపించాలని పరుగులు పెట్టించకండి. మూడు చాలు. పన్నెండు గంటలకు కాస్త ముందు సంగీత గడియారం ఎదురుగా కూర్చోబెట్టండి. లోపల కమ్మరి బొమ్మ క్షణం క్షణం సుత్తి కొడుతూ ఉంటుంది. గంట కాగానే ఒక చిన్న గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి పన్నెండు కొట్టి వెళ్లిపోతుంది. తర్వాత ముసుగు వెనక ముఖం కనిపించేలా పాలరాయిలో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన రెబెకా విగ్రహం. ఆపైన పిల్లలు తమకు తాము ఎంచుకున్న వస్తువు ఒకటి, దాని ముందు పావుగంట కూర్చుని బొమ్మ వేసుకోవడానికి. పెన్సిల్, అట్ట, తెల్లకాగితం చాలు. రంగులు బడికొచ్చాక.

నీళ్ల సీసాలు, బిస్కెట్లు, రెండు ప్లాస్టిక్ సంచులు, బస్సులో వాంతి చేసుకునే పిల్లలకు ఒక నిమ్మకాయ దగ్గర ఉంచుకోండి. బయల్దేరేటప్పుడు ఒకసారి, చేరాక ఒకసారి, తిరుగు బస్సు ఎక్కేముందు ఒకసారి తలలు లెక్కపెట్టండి. పేర్లు పిలిచి లెక్కపెట్టండి. కొత్తగా చేరిన పిల్లల పేర్లు ఆ రోజే మిగతా పిల్లలకు కూడా నోటికొస్తాయి.