పాపను వాళ్ల నాన్న దగ్గరకు పంపే ఆదివారం

మేమిద్దరం విడిగా ఉండబట్టి మూడేళ్లు. నేనూ పాపా విజయవాడ సత్యనారాయణపురంలో మా అమ్మ దగ్గర ఉంటున్నాం. వాళ్ల నాన్నది గుంటూరు. నెలకు రెండు ఆదివారాలు పాప అక్కడికి వెళ్తుంది. మొదటి ఆరు నెలలూ ఆ రోజు వస్తోందంటే నాకు టెన్షన్, పాపకు ఏడుపు. ఇప్పుడు శనివారం రాత్రే తన బ్యాగు తనే సర్దుకుంటోంది.

ముందు కోర్టు ఆర్డర్ సంగతి. మాకు మొదట వచ్చినదాంట్లో రెండో, నాలుగో ఆదివారం తండ్రి చూడవచ్చని మాత్రమే ఉంది. ఎక్కడ, ఎన్నింటికి, ఎవరు తీసుకురావాలి అన్నది లేదు. దానికే ప్రతిసారీ ఫోన్లో గొడవ. తర్వాత లాయర్ల ద్వారా ఇద్దరం జాయింట్ మెమో (ఇద్దరూ ఒప్పుకున్న షరతులు రాసి కోర్టుకు ఇచ్చే కాగితం) వేసుకున్నాం: ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు, అప్పగించే చోటు, సంక్రాంతి, దసరా సెలవులు ఎలా పంచుకోవాలి, పాపకు జ్వరమొస్తే ఏ ఆదివారానికి మార్చాలి. మీరు ఇవన్నీ మొదటే రాయించుకోండి. లాయరుకు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయరును పెడతారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

మొదట్లో నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సుల దగ్గర అప్పగించేదాన్ని. ఆ జనంలో, ఆ హారన్లలో పాప నా కొంగు వదిలేది కాదు. ఇప్పుడు వన్‌టౌన్‌లో మా పిన్ని ఇంట్లో. పాప ఇడ్లీ తింటుండగా ఆయన వస్తాడు. పిన్ని ఇప్పటికీ "కాఫీ తాగి వెళ్లండి అల్లుడుగారూ" అంటుంది. పాపకు ఆ మాట వింటే ఎంత ధైర్యమో!

మందులు, హోంవర్కు వివరాలు చిన్న పుస్తకంలో రాసి బ్యాగులో పెడతాను. "డబ్బు పంపమని నాన్నకు చెప్పు" లాంటి కబుర్లు పిల్లల చేత మోయించకండి. ఒకసారి నేను మోయించాను. ఆ రోజు పాప అక్కడ అన్నం తినలేదట.

డబ్బు విషయం ఇంకొకటుంది. నాలుగు నెలలు ఖర్చులకు పంపకపోతే పాపను పంపనని పట్టుబట్టాను. "అమ్మా, ఆ రెండూ వేరు. పంపకపోతే ఆర్డర్ తప్పింది మీరవుతారు" అన్నారు లాయరు గారు. మెయింటెనెన్స్‌కు, అంటే పోషణ ఖర్చులకు, వేరే పిటిషన్ ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125 సెక్షనే 2024 జూలై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన బి.ఎన్.ఎస్.ఎస్. (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) చట్టంలో 144 అయింది. కేసు తేలేలోపు ఇచ్చే మధ్యంతర భృతి అడిగితే, అవతలివారికి నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టంలోనే ఉంది. ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి స్కూలు ఫీజు రసీదులు, మందుల బిల్లులు ఒక్కటీ పారేయకండి.

అవతల తాగుడు, కొట్టడం ఉంటే మాత్రం ఇదంతా వర్తించదు. ఎవరైనా పక్కన ఉండగానే కలిసేలా కోర్టును అడగండి. పిల్లకు అప్పటికప్పుడు ప్రమాదమనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

సాయంత్రం పాప రాగానే ముందు స్నానం, తర్వాత పెరుగన్నం. అక్కడ ఎవరున్నారు, ఏమన్నారు అని అడగను. అడిగిన రోజుల్లో అన్నింటికీ "తెలీదు" అనేది. ఇప్పుడు దీపం తీశాక, చీకట్లో, నాన్న కొనిచ్చిన రంగు పెన్సిళ్ల గురించి తనే చెబుతుంది.