సాఫ్ట్‌బాల్ అంపైరింగ్ – 7వ పాఠం: కోచ్ వెనక్కి వెళ్లాక

ఈసారి టైబ్రేకర్ గురించి రాద్దామనుకున్నాను. ఏడు ఇన్నింగ్స్‌లయ్యాక స్కోర్ సమంగా ఉంటే ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రెండో బేస్ మీద రన్నర్‌ని పెట్టి ఆట మొదలుపెట్టేసరికి మనకి ఉండే టెన్షన్ వేరు. కానీ గత పాఠం తర్వాత మీ దగ్గర్నుంచి వచ్చిన సంగతులు విన్నాక అది వాయిదా వేయక తప్పలేదు.

మన కాల్ మీద అడగడానికి "కోచ్ వస్తే ముందు వినండి" అని రాశాను. విన్నారు. ఒకరైతే నాలుగు నిమిషాలు తలూపుతూ నిలబడ్డారట. అవతలి డగౌట్ (జట్టు కూర్చునే చోటు) నుంచి "మేం కూడా రావాల్నా సార్?" అని కేక వచ్చిందట. వినడం ఎక్కడ ఆపాలో నేను రాయలేదు. ఆ లోపం నాది.

కోచ్ నోరు తెరిచిన మొదటి మాటలోనే ఒకటి పట్టుకోవాలి. ఆయన అడుగుతున్నది మన కంటికి కనపడినదాని గురించా, రూల్ గురించా? ఔటా సేఫా, పిచ్ స్ట్రైక్ జోన్ బయట పడి బాలా, లోపల పడి స్ట్రైకా అన్నది మన నిర్ణయం. దాని మీద ప్రొటెస్ట్ (అధికారిక ఫిర్యాదు) ఉండదు. రూల్‌నే తప్పుగా వాడామంటే మాత్రం తర్వాతి పిచ్ పడేలోపు ప్రొటెస్ట్ చెప్పుకునే హక్కు ఆయనకి ఉంది.

హోమ్ ప్లేట్ దగ్గర ట్యాగ్ అయింది (క్యాచర్ బాల్‌తో రన్నర్‌ని తాకింది), ఔట్ ఇచ్చారు. కోచ్ వచ్చి "సార్, క్యాచర్ చేతిల బాలే లేదు, అడ్డం నిలబడ్డది" అంటాడు. "బాల్ అందకముందే దారి ఆపిందంటున్నారా?" అని అడగండి. ఔనంటాడు. అప్పుడు చెప్పాల్సింది ఇంతే: "బాల్ చేతికొచ్చాకే ఆమె దారిలోకి రావడం నేను చూశాను సార్. అందుకే అబ్‌స్ట్రక్షన్ సైగగా ఎడమ చెయ్యి చాపలేదు. ఆడదాం." ఆయన అదే మాట రెండోసారి అన్నాడంటే మాట్లాడాల్సింది అయిపోయింది. మాస్క్ పెట్టుకుని ప్లేట్ దగ్గరికి నడవండి.

ఫస్ట్ బేస్ మీద మాత్రమే రన్నర్ ఉండగా మీరు ఇన్‌ఫీల్డ్ ఫ్లై (ఇన్‌ఫీల్డర్ తేలిగ్గా పట్టగల బంతి గాల్లో ఉండగానే బ్యాటర్ ఔట్) అన్నారనుకోండి, అది వేరే సంగతి. ఫస్ట్, సెకండ్ రెండూ నిండితేనో, మూడు బేస్‌లూ నిండితేనో, అదీ ఇద్దరు ఔట్ కాకముందే ఆ రూల్ వర్తిస్తుంది. ఇక్కడ కోచ్ మాట పూర్తిగా వినాలి. పార్ట్‌నర్‌ని, అంటే రెండో అంపైర్‌ని, పక్కకి తీసుకెళ్లి మాట్లాడి సరిచేయాలి. పార్ట్‌నర్‌తో ఎలా మాట్లాడాలో, మ్యాచ్ ముందు లైనప్ కార్డులు తీసుకునేటప్పుడు కోచ్‌లని ఎలా పలకరించాలో ఈ స్థాయికి వచ్చిన మీకు చెప్పక్కర్లేదు.

అసలు నన్ను బాధపెట్టింది మీ సందేశాల్లో ఇంకో విషయం. ముగ్గురు ముచ్చటగా ఒకటే రాశారు: "కోచ్ చెప్పింది నిజమే అనిపించింది సార్, తర్వాతి ఇన్నింగ్స్‌లో అడ్జస్ట్ చేశాను."

అడ్జస్ట్ చేయకండి. ఎప్పుడూ, ఎవరికీ, ఒక్క పిచ్ కూడా.

ఇది ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. హైదరాబాద్‌లో మన ఆట చిన్న కుటుంబం. ఈరోజు ఎదురుగా ఉన్న కోచ్ ఒకప్పుడు మనకి గ్లవ్ తొడిగిన పీఈటీ సారే కావచ్చు. వచ్చే ఆదివారం మన పార్ట్‌నర్ కావచ్చు. మ్యాచ్ అయ్యాక అదే హోటల్లో అదే బల్ల దగ్గర ఇరానీ చాయ్ తాగుతాం. ఆయన కోపంగా అరిస్తే మనం గట్టిగానే ఉంటాం. మెల్లగా "సరేలే సార్, మీ ఇష్టం" అని వెనక్కి తిరిగితే ఉంటుంది చూడండి, ఆ మొహమాటం మనల్ని పడగొడుతుంది. నా అనుభవంలో కోపం కన్నా మొహమాటం వల్లే ఎక్కువ స్ట్రైక్‌లు పాడయ్యాయి.

నేను చేసిందే చెప్తాను. ఫుల్ కౌంట్ (మూడు బాల్స్, రెండు స్ట్రైక్‌లు), ఐదో ఇన్నింగ్స్. మోకాళ్ల కింద పడిన డ్రాప్ బాల్‌ని (కిందికి జారే పిచ్‌ని) స్ట్రైక్ అన్నాను. నోట్లోంచి మాట వస్తుండగానే తప్పని తెలిసింది. బ్యాటర్ ఏమీ అనలేదు, కోచ్ దూరం నుంచే "సరే సార్" అన్నాడు. తర్వాత వాళ్లు ఫీల్డింగ్‌కి వచ్చారు. ప్లేట్‌కి జానెడు బయట పడిన బంతిని స్ట్రైక్ అన్నాను. వాళ్ల క్యాచర్ అప్పటికే అది బాల్ అనుకుని లేచి, పిచ్చర్‌కి విసరడానికి చెయ్యి వెనక్కి తీసింది. నా గొంతు విని ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. తల కొంచెం తిప్పి నన్ను చూసింది. లాభం ఎవరికి ఇచ్చానో ఆ అమ్మాయికే అది స్ట్రైక్ కాదని తెలుసు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఒక కంట్లో సున్నం పడిందని రెండో కంట్లో కూడా సున్నం పెట్టినట్టయింది. అంతకుముందు ఒక జట్టుకి అన్యాయం జరిగింది, ఇప్పుడు రెండింటికీ జరిగింది. పైగా డగౌట్‌లు రెండూ ఒకటే నేర్చుకున్నాయి: మెత్తగా అడిగితే దొరుకుతుందని. మిగతా రెండు ఇన్నింగ్స్‌లూ నా స్ట్రైక్ జోన్ ఎక్కడుందో నాకే తెలియలేదు.

మరి తప్పని తెలిశాక మనసుని ఏం చేయాలి? ఆడవాళ్ల ఆటలో పిచ్చర్ 43 అడుగుల దూరం నుంచి వేస్తుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వస్తే బంతి అర సెకను లోపే ప్లేట్ దాటుతుంది. పాత పిచ్ గురించి బాధపడుతూ కొత్త పిచ్‌ని చూడటం కుదరదు. అందుకని నేను ఒక పని చేస్తాను. టైమ్ పిలిచి, మాస్క్ తీసి, ఫీల్డ్‌కి వీపు పెట్టి వంగి ప్లేట్ తుడుస్తాను. దుమ్ము ఉన్నా లేకపోయినా అన్ని మూలలూ తుడుస్తాను. లేచేటప్పుడు ఇండికేటర్ (కౌంట్ లెక్క ఉంచే చేతి పరికరం) చూసి కౌంట్ పెదాలతో చదువుకుంటాను. కౌంట్ చదివాక ఆ పాత పిచ్ నాది కాదు. కొందరు గట్టిగా ఊపిరి పీల్చుకోమంటారు. నాకు మాత్రం చేతికి పని ఉంటేనే మనసు కుదుటపడుతుంది.

ఇన్నింగ్స్ మధ్యలో కోచ్ "అప్పటిది కిందికి పడ్డది కదా సార్" అని మెల్లగా అడిగితే? నేనైతే "ఔను సార్, అది నేను తప్పు చూశాను" అని ఒక్క వాక్యం అంటాను. ఒప్పుకోకూడదనే సీనియర్లు ఉన్నారు, నేను ఆ మాట వినను. అలా ఒప్పుకున్నందుకు ఏ కోచ్ దగ్గరా నాకు గౌరవం తగ్గలేదు. కానీ దాని వెనకాల "చూసుకుందాంలే", "తర్వాత చూద్దాం" లాంటి మాట ఒక్కటి కూడా రాకూడదు. వస్తే అది బాకీ ఒప్పుకున్నట్టే, వసూలుకి వస్తారు.

ఇంకొక చిన్న సంగతి. తెలిసిన పిల్లలైనా సరే, మ్యాచ్‌లో "అమ్మా", "నాన్నా", "రా" వద్దు. నంబర్‌తో పిలవండి. ఒక జట్టు క్యాచర్‌ని "ఏమ్మా" అని రెండో క్యాచర్‌ని నంబర్‌తో పిలిస్తే డగౌట్‌లు వెంటనే పట్టేస్తాయి.

అభ్యాసం. ఈసారిది కష్టంగా ఉంటుంది, అయినా చేయండి. రెండు రోజులు ఏదైనా జట్టు ప్రాక్టీస్‌కి వెళ్లి, అడిగి క్యాచర్ వెనక నిలబడండి. మొత్తం 200 పిచ్‌లు చూడండి. బంతి గ్లవ్‌లో పడి చప్పుడు విన్నాక, లోపల "చూశాను" అనుకుని, అప్పుడే కాల్ చేయండి. ప్రతి 20 పిచ్‌లకి ఒకటి కావాలని తప్పు చెప్పండి, బయటికే, గట్టిగా. క్యాచర్‌కి ముందే చెప్పి ఉంచండి. ఆ తర్వాతి మూడు పిచ్‌లు మాత్రం నోట్‌బుక్‌లో రాసుకోండి: ఎక్కడ పడింది, మీరేమన్నారు. ఇంటికి వెళ్లాక ఆ మూడేసి పిచ్‌లన్నీ వరసగా చదవండి. తప్పు చెప్పిన వెంటనే మీ జోన్ ఎటు జరుగుతోందో, ఎవరివైపు జరుగుతోందో అందులో కనపడుతుంది. అది నాకు రాసి పంపండి. టైబ్రేకర్ పాఠం దాన్నుంచే మొదలుపెడతాను.