మంచు వాలు మీద సులువుగా తిరిగే స్కీలు ఎలా ఎంచుకోవాలి? వైజాగ్ నుంచి వెళ్లేవాళ్ల కోసం

మన వైజాగ్ వాళ్లకి మంచు అంటే లంబసింగిలో తెల్లవారుజామున కమ్ముకునే పొగమంచే. అందుకే మా బావమరిది జనవరిలో ఉత్తరాఖండ్‌లోని ఔలీ వెళ్తున్నానని ఫోన్ చేసి, "బావా, అక్కడ స్కీలు అద్దెకిస్తారట. ఏ రంగువి తీసుకోమంటావ్?" అన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. మొదటిసారి కాశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లినప్పుడు నేనూ రంగు చూసే తీసుకున్నాను. స్కీలంటే మంచు మీద జారడానికి బూట్ల కింద బిగించుకునే పొడుగాటి పలకలు. అద్దె దుకాణంలో ఇచ్చిన జత నా తల దాటి పొడుగుంది, అరచేతికన్నా వెడల్పుంది. పిల్లలు ఆడుకునే వాలు మీద కూడా ఎడమకి తిప్పబోతే నేరుగా పోయేది. అరకు ఘాట్‌లో లోడు లారీకి స్టీరింగ్ పట్టేసినట్టే! పొద్దంతా పడి లేచాక తెలిసింది, తప్పు నా కాళ్లది మాత్రమే కాదని.

బావమరిదికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా యంత్రంతో చదును చేసిన వాలు మీద స్కీయింగ్ గురించి. ఔలీలో ఆ యంత్రాన్ని స్నో బీటర్ అంటారు. అది వెళ్లాక మంచు గట్టిపడి, పరిచిన ముగ్గుపిండి మీద దువ్వెన లాగినట్టు సన్నటి చాళ్లు పడతాయి. లోతైన మెత్తటి మంచుకి లెక్కలు వేరు.

ముందు ఇంట్లో ఒక శుభలేఖ కత్తిరించండి

కార్వింగ్ స్కీ, అంటే అంచుతో మంచుని కోస్తూ మలుపు తిరిగేది, పైనుంచి చూస్తే డమరుకాన్ని సాగదీసినట్టుంటుంది. ముందు వెడల్పు, నడుము సన్నం, వెనక మళ్లీ వెడల్పు. అది ఎందుకో తెలియాలంటే దళసరి శుభలేఖ ఒకటి తీసుకోండి. జానెడు పొడుగు పట్టీ కత్తిరించి, రెండు పక్కలా నడుము దగ్గర కొంచెం లోపలికి కోయండి. టేబుల్ మీద ఒక అంచు మీద వాల్చి పట్టుకుని, నడుము దగ్గర వేలితో నొక్కండి. పట్టీ వంగి అంచు మొత్తం టేబుల్‌కి ఆనుతుంది. ఆనిన గీత చూడండి, కొడవలిలా వంపు తిరిగి ఉంటుంది. ఇంకాస్త వాలిస్తే ఇంకా వంగుతుంది. మంచు మీద మీ స్కీ చేసే పనీ ఇదే. మీరు పక్కకి వాలితే చాలు, అంచు తన దారి తనే కోసుకుంటూ తిరుగుతుంది. స్కీ పక్క వంపుని పూర్తి వృత్తంగా గీస్తే వచ్చే వ్యాసార్థమే రేడియస్. 14 మీటర్ల రేడియస్ ఉన్న స్కీని 45 డిగ్రీలు వాలిస్తే మలుపు సుమారు 10 మీటర్లకి దిగుతుంది, 60 డిగ్రీలు వాలిస్తే సగానికి.

ఒకప్పటి స్కీలకి ఈ నడుము చాలా స్వల్పం. రెండు మీటర్ల పైన పొడుగుండేవి. 1990ల తొలినాళ్లలో స్లోవేనియాకి చెందిన ఎలాన్ కంపెనీ ఎస్‌సీఎక్స్ అనే లోతైన నడుము స్కీని తెచ్చాక మిగతావాళ్లూ ఆ దారిలోకి వచ్చారు. పాత స్టాకులో నిటారు పలకల్లాంటి జత కనబడితే ఎంత చవకైనా ముట్టుకోకండి.

స్కీ మీద రాసిన అంకెలు చదవండి

టిప్ (ముందు కొస) దగ్గరో టెయిల్ (వెనక కొస) దగ్గరో 120-70-104 లాంటి మూడు అంకెలుంటాయి. అవి ముందు, నడుము, వెనక వెడల్పులు, మిల్లీమీటర్లలో. పక్కనే "ఆర్" అన్న అక్షరంతో రేడియస్ మీటర్లలో ఉంటుంది. మనకి కావలసింది 70 నుంచి 78 మధ్య నడుము, 12 నుంచి 15 మధ్య రేడియస్. నడుము సన్నగా ఉంటే ఒక అంచు నుంచి రెండో అంచుకి మారడం తొందరగా అవుతుంది. వెడల్పు స్కీని వాల్చాలంటే మోకాలికి శ్రమ ఎక్కువ.

రేడియస్ రాసి లేకపోతే లెక్క కట్టొచ్చు. ముందూ వెనకా కలిపి, నడుముకి రెట్టింపు తీసేసి, 4తో భాగించండి. పై స్కీకి 224 లోంచి 140 పోతే 84, దాన్ని 4తో భాగిస్తే 21 మి.మీ., అది నడుము వంపు లోతు. మంచుకి ఆనే పొడవు ఒకటిన్నర మీటర్లనుకుందాం. దాని వర్గం 2.25. దాన్ని 21 మి.మీ.కి ఎనిమిది రెట్లయిన 0.168 మీటర్లతో భాగిస్తే 13.4 మీటర్లు. అదే స్కీ నడుము 85 అయితే రేడియస్ దాదాపు 21 మీటర్లకి పోతుంది. పదిహేను మిల్లీమీటర్లంటే వేలెడు మందం! అంతలోనే మలుపు ఎంత పెద్దదైపోయిందో చూడండి. గుల్మార్గ్‌కి మెత్తటి మంచుతోనే పేరు కాబట్టి, అక్కడ 95, 100 నడుములవి ముందు చేతికొస్తాయి. "సన్నవి చూపించు భయ్యా" అని మీరే అడగాలి.

పొడుగు

స్కీని నిలబెడితే టిప్ మీ గడ్డానికీ ముక్కుకీ మధ్య రావాలి. ఐదడుగుల ఆరంగుళాల మనిషికి 150 నుంచి 158 సెం.మీ. సరిపోతాయి. బరువు ఎక్కువైతే ముక్కు వైపు, మొదటిసారే వెళ్తుంటే గడ్డం వైపు. ఒకే మోడల్‌లో పొడుగు మారితే రేడియస్ కూడా మారుతుంది, కాబట్టి అంకె మీ సైజు స్కీ మీదే చూడాలి.

మెత్తనా, గట్టిదా?

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, నాతో సహా. ఖరీదైన వాటి మీద "టైటనాల్" అని గొప్పగా రాసుంటుంది. అదేదో టైటానియం అనుకోకండి, అల్యూమినియం మిశ్రమ లోహం. ఆ రేకులు రెండు వేసిన స్కీ వేగంలో వణకదు, నిజమే. కానీ దాన్ని వంచాలంటే వేగమూ బలమూ ఉండాలి. మెల్లగా వెళ్లేవాడి కింద అది వంగదు, వంగకపోతే తిరగదు. స్లాలమ్ (దగ్గర దగ్గర మలుపుల పందెం) పోటీ స్కీకి రేడియస్ పన్నెండు పదమూడే ఉంటుంది, అంకె చూసి మురిసిపోతే గట్టిదనంతో చావగొడుతుంది.

పరీక్ష తేలిక. జతని అడుగుభాగానికి అడుగుభాగం ఆనించి పట్టుకోండి. మధ్యలో సన్నటి సందు కనిపిస్తుంది, అదే క్యాంబర్. పట్టు ఇచ్చేది అదే. బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) దగ్గర ఒక్క చేత్తో నొక్కితే సందు మూసుకుపోవాలి. రెండు చేతులూ పెట్టి పళ్లు బిగించాల్సి వస్తే అది మీకు కాదు. టిప్‌లు కొంచెం ముందుగానే విడిపోతున్నాయా చూడండి. అది రాకర్. కొంచెం ఉంటే మలుపు మొదలెట్టడం హాయి.

గోరు పరీక్ష

అద్దె స్కీల్లో అసలు రోగం ఇదే. ఆకారమంతా సరిగ్గానే ఉంటుంది, అంచు మొద్దుబారి ఉంటుంది. బొటనవేలి గోరు వెనక భాగాన్ని ఉక్కు అంచుకి అడ్డంగా పెట్టి మెల్లగా లాగండి. పదునుంటే గోటి మీంచి తెల్లటి పొడి రాలుతుంది. జారిపోతే మొద్దు. బూటు ఉండే మధ్యభాగంలో నాలుగైదు చోట్ల చూడండి. వేలిని మాత్రం అంచు పొడుగునా పోనివ్వకండి, కత్తిపీట మీద పోనిస్తామా? మొద్దుగా ఉంటే పదును పెట్టి ఇమ్మనండి, లేదా వేరే జత అడగండి.

బూట్లు సరిగా లేకపోతే పై కష్టమంతా వృథా. పాదం పొడవు సెంటీమీటర్లలో కొలుచుకుని వెళ్లండి, సైజు అదే. ఒక్క జత మేజోళ్లే. నిటారుగా నిలబడితే వేళ్లు ముందుకి తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి రావాలి, మడమ లేవకూడదు. బైండింగ్ బిగింపు దుకాణంలో తెలిసినవాళ్లతోనే పెట్టించండి. బరువు, ఎత్తు, వయసు, మీ అనుభవం అడుగుతారు. ఈ ఒక్క చోట బరువు తగ్గించి చెప్పకండి, అనుభవం పెంచి చెప్పకండి. పడినప్పుడు బూటు ఊడి రావాలా వద్దా అన్నది ఆ బిగింపు అంకె మీదే ఆధారపడి ఉంటుంది, మోకాలేమో మీది.

కొనుక్కోవడమా? ఏడాదికి వారం రోజుల ముచ్చటకి అద్దె చాలంటాను. ఎవరైనా కొని తెచ్చుకుంటే మాత్రం మన ఉప్పుగాలి సంగతి మరిచిపోవద్దు. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో కిటికీ ఊచలే నిలవవు, ఉక్కు అంచు ఎంతసేపు? తడి పూర్తిగా తుడిచి, అంచులూ అడుగూ మునిగేలా మైనం పట్టించి, సంచిలో కుక్కకుండా తడి లేని గదిలో పెట్టండి.

ఇక మొదటి ఉదయం. అన్నిటికన్నా తేలిక వాలు మీద నాలుగు మలుపులు తిరిగి, ఆగి, వెనక్కి చూడండి. దువ్విన మంచు మీద రెండు సన్నటి గీతలు రైలు పట్టాల్లా వంపు తిరిగి ఉంటే స్కీ కోస్తోందన్నమాట. వెడల్పుగా గీకినట్టుంటే జారుతోంది. కొత్తవాళ్లకి మొదటి రెండు రోజులు అలాగే ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. కానీ మీరు వాలినా స్కీ నేరుగానే పోతుంటే మధ్యాహ్నం దాకా ఆగకండి, అప్పటికప్పుడే దుకాణానికి వెళ్లి జత మార్చుకోండి.