గడ్డకట్టే చలిలో కారు కడిగి, వ్యాక్స్ వేయడం ఎలా?

మిషిగన్‌లో డిసెంబరు వచ్చిందంటే కారు ఏ రంగుదో చెప్పడం కష్టం. నల్ల కారైనా ఎర్ర కారైనా, తలుపుల కింది సగం చౌడు పట్టిన గోడలా తెల్లబడిపోతుంది. వేలితో గీస్తే పొడి రాలుతుంది. అది దుమ్ము కాదు, రోడ్ల మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు. డెట్రాయిట్ నగరం కిందే వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉంది. ఇక్కడి రోడ్లకు ఉప్పు కరువు లేదు.

మన దగ్గర నుంచి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది "ఇంత చలిలో కారు కడగడమేంటి, మార్చి రానీ చూద్దాం" అనుకుంటారు. నేనూ మొదటి ఏడాది అదే అనుకున్నాను. కానీ మార్చి దాకా ఆగితే నష్టం జరిగిపోతుంది. మామూలు నీళ్లు 32 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే సున్నా సెల్సియస్ దగ్గర గడ్డకడతాయి. బాగా ఉప్పు కలిసిన నీళ్లు మైనస్ 6 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 21 సెల్సియస్ దాకా కూడా ద్రవంగానే ఉండగలవు. కొన్నిచోట్ల చల్లే కాల్షియం క్లోరైడ్ అయితే గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. అందుకే పైకి పొడిగా కనిపిస్తున్నా కారు అడుగుభాగం లోపల తడిగానే ఉంటుంది, తుప్పు పని తుప్పు చేసుకుపోతుంది. చలికాలంలో కారు కడిగేది మెరుపు కోసం కాదు, ఆ అడుగుభాగం కోసం. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతా పనులన్నీ ఎందుకు చేస్తున్నామో తెలుస్తుంది.

రోజు, వేళ చూసుకోండి

ముందు వాతావరణ సూచన చూడండి. 40 ఫారెన్‌హీట్, అంటే 4 సెల్సియస్ దాటే రోజు దొరికితే అంతకన్నా ఏం కావాలి! దొరక్కపోతే కనీసం సున్నా సెల్సియస్‌కు పైన ఉండే మధ్యాహ్నం చూసుకోండి. ఉదయం పదకొండు నుంచి రెండింటి మధ్య కడిగితే, పొద్దుపోయేలోగా ఆరడానికి టైమ్ ఉంటుంది. రోడ్ల మీద ఉప్పు ఉన్నన్నాళ్లూ రెండు వారాలకోసారైనా కడగాలి. మంచు తుఫాను వెళ్లిపోయి కాస్త ఎండ కాసినప్పుడు అసలు వాయిదా వేయకండి. చలి తగ్గేకొద్దీ తుప్పు వేగం పెరుగుతుంది. ఉప్పు పట్టిన కారును వెచ్చటి గరాజ్‌లో పెట్టి వదిలేస్తే కూడా ఇదే జరుగుతుంది.

ముందు ఉప్పు వదిలించండి

ఇంటి ముందు పైపు పెట్టి కడగకండి. ఆ నీళ్లు డ్రైవ్‌వే మీద గాజుపలకలా గడ్డకడతాయి. బ్రష్షులు తగలని టచ్‌లెస్ కార్ వాష్‌కు వెళ్లి, అడుగుభాగం కూడా కడిగే ప్యాకేజీ తీసుకోండి. దానికి ఇంకొన్ని డాలర్లు ఎక్కువైనా వెనకాడకండి, అసలు ప్రయోజనం అక్కడే ఉంది. బ్రష్షులు తిరిగే వాష్‌లో మీకన్నా ముందు వెళ్లిన కార్ల ఇసుక ఆ బ్రష్షుల్లోనే ఉంటుంది, పెయింట్ మీద సన్నటి గీతలు పడతాయి. మీరే నీళ్ల గన్ పట్టుకుని కడుక్కునే చోటైతే టైర్ల పైన ఉండే గుంతల్లోకి, తలుపుల కింది అంచుల్లోకి నీళ్లు గట్టిగా కొట్టండి. బురదా ఉప్పూ ముద్దలుగా పేరుకునేది అక్కడే.

గరాజ్‌లో చేత్తో కడగాలంటే

మురికి మరీ ఎక్కువగా ఉంటే, టచ్‌లెస్ వాష్ అయ్యాకే ఈ పని పెట్టుకోండి. ఎండిన ఉప్పు మీద గుడ్డతో రుద్దడమంటే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. రిన్స్‌లెస్ వాష్ అని అమ్మే ద్రవం ఒకటి ఉంది, దాన్ని వాడితే తర్వాత నీళ్లు పోసి కడగక్కర్లేదు. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం ఒక బకెట్ గోరువెచ్చని నీళ్లలో కలపండి. అరడజను మైక్రోఫైబర్ గుడ్డలు అందులో నానబెట్టండి. ముందు పైకప్పు, తర్వాత అద్దాలు, బానెట్, చివరికి తలుపుల కింది భాగం. ఒక్కో గుడ్డను మడతలు మార్చుకుంటూ, ఒక్కో మడతతో ఒకే దిక్కున తుడవండి. మడతలన్నీ మురికైతే ఆ గుడ్డ పక్కన పడేయండి, మళ్లీ బకెట్‌లో ముంచకండి. ఒక తలుపు తుడవగానే దాన్ని పొడి గుడ్డతో ఆరబెట్టాకే ఇంకో తలుపుకు వెళ్లండి.

అద్దాల మీద మాత్రం మరిగే నీళ్లు ఎప్పుడూ పోయకండి. చల్లబడి ఉన్న అద్దం పగిలిపోవచ్చు.

ఆరబెట్టడమే అసలు పని

మొదటి చలికాలంలో ఒక ఆదివారం సాయంత్రం, 20 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 7 సెల్సియస్ చలిలో కారు కడిగించి తెచ్చి అపార్ట్‌మెంట్ బయట పెట్టాను. సోమవారం పొద్దున నాలుగు తలుపుల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. ఆఫీసు టెన్షన్‌లో హ్యాండిల్ పట్టుకుని గట్టిగా లాగాను. తలుపు వచ్చింది, దాంతోపాటు తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ కూడా మూరెడు చిరిగి వచ్చింది. ఆ సందులోంచి చలికాలమంతా గాలి కొట్టింది.

అందుకే కడిగిన వెంటనే తలుపులన్నీ, డిక్కీ, పెట్రోల్ మూత తెరవండి. బీడింగ్‌ను, అది ఆనే అంచును పొడి గుడ్డతో తుడవండి. తర్వాత గుడ్డ మీద కాస్త సిలికాన్ స్ప్రే కొట్టి బీడింగ్ పొడవునా పట్టించండి. వైపర్లు లేపి కింద తుడవండి. తర్వాత ఓ పది నిమిషాలు కారు నడుపుతూ మధ్యమధ్యలో మెల్లగా బ్రేకు వేయండి, డిస్కులు ఆరతాయి. ఆ రాత్రి చదును నేల మీద పెట్టి గేరును 'పార్క్' (P)లో ఉంచితే చాలు, హ్యాండ్ బ్రేకు వేయకండి. తడి ఉంటే అది పట్టేసుకుంటుంది. ఇంత చేసినా తలుపు బిగిసిపోతే లాగకండి. భుజంతో లోపలికి రెండు మూడుసార్లు నొక్కండి. మంచు పగిలి దానంతటదే వదులుతుంది.

వ్యాక్స్ ఎప్పుడు, ఎలా

పెయింట్ మీద రక్షణ పూతలా ఉండే వ్యాక్స్ వేయాల్సింది నిజానికి అక్టోబరులోనే, మొదటి మంచు పడకముందు. కర్నూబా అనే తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే వ్యాక్స్ మెరుపు బాగుంటుంది కానీ త్వరగా పోతుంది, ఉప్పు కాలానికి రసాయనాలతో చేసిన సింథటిక్ సీలెంటే నా మాట. అప్పుడు వేయలేదా? ఇప్పుడైనా వేయచ్చు, కానీ గరాజ్‌లోనే. చాలా వ్యాక్సులకు కనీసం 50 ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్ కావాలి. గాలి వేడెక్కితే చాలదు, బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. ఇనుము చల్లగా తగులుతుంటే ఇంకాసేపు ఆగండి. గరాజ్ వెచ్చబడాలని తలుపు మూసి ఇంజిన్ ఆన్‌లో ఉంచడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఇంజిన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఎలక్ట్రిక్ హీటర్ చాలు.

వ్యాక్స్ డబ్బాను ముందురోజే ఇంట్లో పెట్టుకోండి, చలికి చిక్కబడితే సమంగా పరుచుకోదు. స్పాంజి మీద రూపాయి బిళ్లంత తీసుకుని, బానెట్‌లో సగానికే పలచగా పట్టించండి. వేలితో ఒక గీత గీయండి. గీత శుభ్రంగా వస్తే తుడవచ్చు, జిడ్డుగా అలుక్కుపోతే ఇంకా ఆరలేదు. చలిలో దీనికి డబ్బా మీద రాసిన దానికన్నా ఎక్కువసేపు పడుతుంది, తొందరపడితే మరకలు మిగులుతాయి. ఓపిక తక్కువగా ఉంటే తలుపుల కింది భాగానికి, టైర్ల వెనక ఉండే బాడీ భాగానికి వేసి ఆపండి. రాళ్లూ ఉప్పూ తగిలేది వాటికే.

చివరగా గరాజ్ నేల మీది నీళ్లు డ్రైవ్‌వే మీదికి తోయకుండా పాత తువ్వాళ్లతో అద్దేయండి. పొద్దున స్కూలు బస్సుకు పరుగెత్తే పిల్లలు నడిచేది అటే.