వారానికొక జానెడు బొంత

పాత నూలు చీరలను మూడు నాలుగు పొరలుగా పరచి, ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం నడిపి కుట్టిన బొంతను మనం కప్పుకున్నాం, పసిపిల్లల కింద పరిచాం గానీ, గోడకు తగిలించి చూడవలసిన వస్తువుగా ఎన్నడూ భావించలేదు. అమెరికాలోనూ ఆ చూపు 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం పాత క్విల్టులను, అంటే అక్కడి బొంతలను, గోడల మీద ప్రదర్శించాక బలపడింది. 1979లో ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్ పట్టణంలో ఒక పాత పశువుల కొట్టంలో క్విల్ట్ నేషనల్ ప్రదర్శన మొదలై, గోడ కోసమే కుట్టే ఆర్ట్ క్విల్ట్‌కు ఒక వేదికను ఏర్పరచింది. మన బొంత పనితనంతోనే ఇటువంటి చిన్న పనులు వారానికొకటి ఎలా కుట్టవచ్చునో, ఇతరులు కుట్టినవాటిని ఎలా సేకరించి కాపాడుకోవచ్చునో ఇక్కడ వివరిస్తాను. ఈ రెండు పనులకూ మూలం ఒకే అలవాటు: దేని గురించైనా అది కళ్లెదుట ఉండగానే రాసి పెట్టుకోవడం.

ముందుగా చేతిలో ఇమిడే ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. రోజుకు ఒక్క విషయం, రెండు మూడు వాక్యాలలో, ఆ రోజే రాయాలి. "ఉదయం చాలా అందంగా ఉంది" వంటి వాక్యం కుట్టుకు ఏమాత్రమూ పనికిరాదు. రంగు, దూరం, లెక్క, వరుస మాత్రమే పనికొస్తాయి. నా పుస్తకంలోని ఒక మంగళవారం చూడండి. ఎదురింటి ముగ్గు ఇంకా ఆరకముందే పాలు పోసే అతని సైకిల్ దాని మీదుగా వెళ్లింది. తడిసిన టైరుకు ఒకచోట అంటుకున్న పిండి, చక్రం తిరిగిన ప్రతిసారీ, దాదాపు ఏడడుగులకొకటి చొప్పున, తారు రోడ్డు మీద తెల్లని మచ్చగా పడుతూ పోయింది. మొదటిది సున్నంలా తెల్లగా ఉంది, నాలుగోది బూడిద రంగులో ఉంది, ఆరోది వంగి చూస్తేనే కనబడింది. "ఏడడుగులు, ఆరు మచ్చలు, తెలుపు నుంచి బూడిద" అని నేను రాసుకున్న ఆ మాటలే ఆ వారం బొంతకు నమూనా అయ్యాయి.

శుక్రవారం నాటికి పుస్తకం తిరగేసి ఒకే ఒక్క విషయాన్ని ఎంచుకోండి. రెండింటిని కలపాలనిపించడం సహజమే గానీ, జానెడు చదరంలో రెండు విషయాలు ఇమడవు. గుడ్డ కోసం దుకాణానికి వెళ్లనవసరం లేదు. దర్జీ దగ్గర మిగిలిన ముక్కలు, చిరిగిన చీర చెంగు, పాత పంచె చాలు. వాడబోయే ప్రతి ముక్కనూ ముందుగా ఉతికి గంజి పూర్తిగా వదిలించాలి. తరువాత తడి గుడ్డను తెల్లని గుడ్డ మీద ఒత్తి రంగు దిగుతున్నదో లేదో చూడాలి. ఎరుపు, నీలం ముక్కల విషయంలో ఈ పరీక్షను వదిలేస్తే తొలి ఉతుకుతోనే పని మొత్తం పాడవుతుంది.

పైన బొమ్మ గుడ్డ, మధ్యలో మెత్తబడిన పంచె, అడుగున మరొక నూలు గుడ్డ పరచి, ముడతలు లేకుండా అరచేతితో సాపు చేసి, పొరలు జరగకుండా పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయండి. ఆ తరువాత అసలు కుట్టును మధ్యలో ప్రారంభించి బయటకు నడిపితే, పొరల మధ్య చిక్కిన వదులు అంచులకు చేరి ముడత పడకుండా ఉంటుంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో నివసించే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ స్త్రీలు ఇందుకు విరుద్ధంగా అంచు నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా నడుమకు చేరుకుంటారు. నాలుగు మూలలా 'ఫూల్' అనే చిన్న ముక్కలు పొరలుగా వేయనిదే వారు తమ బొంతను, అంటే 'కవంద్'ను, పూర్తయినట్లు భావించరు. ఏ పద్ధతిలోనైనా దారాన్ని బిగించి లాగకూడదు. నా ముగ్గు బొంతలో నల్లని చీర ముక్క మీద ఆరు మచ్చలను ఒకే దారంతో కాక, తెలుపు నుంచి బూడిద వరకు నాలుగు రంగుల దారాలతో కుట్టాను. చివరి మచ్చకు మూడు పోగులే వేశాను, ఎందుకంటే రోడ్డు మీద కనిపించినది అంతే. చూసినదానికి మించి కుట్టకపోవడం కష్టమైన పని, కానీ బొంతకు బలం అక్కడి నుంచే వస్తుంది.

అంచు మడిచి కుట్టాక వెనుక వైపు ఒక చిన్న గుడ్డ పట్టీ వేసి, దాని మీద పేరు, ఊరు, సంవత్సరం, ఏ గుడ్డ ఎవరిదో, ఏమి చూసి కుట్టారో చెరగని సిరాతో రాయండి. మా అమ్మమ్మ కుట్టిన బొంత ఒకటి నా దగ్గర ఉంది. అందులోని ఆకుపచ్చ అంచు ఎవరి చీరదో చెప్పగలిగినవారు ఇప్పుడు మా ఇంట్లో ఒక్కరూ లేరు. అడగవలసిన రోజులలో అడగలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

సేకరణకు వస్తే, చదువరులు హ్యారియెట్ పవర్స్ కథ తెలుసుకోవాలని కోరుకుంటాను. 1837లో జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టిన ఆమె, 1886లో అక్కడి ఏథెన్స్ నగరపు పత్తి ప్రదర్శనలో తన బైబిల్ క్విల్టును ఉంచారు. జెన్నీ స్మిత్ అనే చిత్రకళ ఉపాధ్యాయురాలు కొంటానన్నా మొదట అమ్మలేదు. కొన్నేళ్లకు డబ్బు ఇబ్బంది వచ్చి పది డాలర్లు అడిగి, చివరకు అయిదింటికే ఇచ్చారు. ఆ ధర మనసుకు కష్టం కలిగిస్తుంది. అయితే స్మిత్ ఒక గొప్ప పని చేశారు: పదకొండు గళ్లలో ఏ గడిలో ఏమున్నదో పవర్స్ నోట విని రాసి పెట్టారు. ఆ క్విల్టు నేడు అమెరికా జాతీయ మ్యూజియంలను నడిపే స్మిత్సోనియన్ సంస్థలో ఉంది. బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉన్న మరొక క్విల్టులో, తాను పుట్టకముందు 1833 నవంబరు 13న ఉల్కలు వానలా రాలిన రాత్రిని పవర్స్ కుట్టారు. పెద్దల నోట విన్న ఆకాశం గుడ్డ మీద నిలిచింది. అది ఏ రాత్రో మనకు తెలియడానికి ఆమె మాటలను రాసి పెట్టినవారే కారణం.

కాబట్టి ఎవరి దగ్గరైనా బొంత కొనేటప్పుడు ముందు వెనుక వైపు తిప్పి చూడండి. కుట్టిన చేతి నిలకడ అక్కడే తెలుస్తుంది. ఎన్ని రోజులు పట్టింది, గుడ్డలు ఎక్కడివి, మధ్య పొర ఏమిటి, పేరు రాయడం ఇష్టమేనా అని అడిగి, వారి ముందే రాసుకోండి. కుట్టినవారే అమ్ముతున్నప్పుడు బేరమాడవద్దని నా గట్టి అభిప్రాయం. నలుపు, ముదురు గోధుమ రంగు ఉన్న పాత అద్దకపు గుడ్డలను ప్రత్యేకంగా పరీక్షించండి. ఇనుముతో తయారైన నలుపు ఉన్నచోట నూలు ముందుగా చివికిపోతుంది.

దాచేటప్పుడు బొంతను చెక్క బీరువా అరకు నేరుగా తగలనీయకుండా, ఉతికిన తెల్లని నూలు గుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచితే వర్షాకాలంలో బూజు పడుతుంది. పురుగు పట్టిందన్న అనుమానం వస్తే మాత్రం, గాలి చొరని సంచిలో పెట్టి రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచి, బయటకు తీశాక ఒక రోజు గడిచేదాకా సంచి విప్పకండి. గోడకు తగిలించదలచుకుంటే మేకులు కొట్టక, వెనుక పైభాగంలో నాలుగు అంగుళాల గొట్టంలాంటి పట్టీ కుట్టి, అందులో కర్ర దూర్చండి. కిటికీ ఎదుటి గోడ పనికిరాదు. మ్యూజియంలు ఇటువంటి వస్త్రాల మీద సాధారణంగా 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలమానం) మించి వెలుతురు పడనీయవు, ఎందుకంటే వెలిసిన రంగు తిరిగి రాదు. మడిచి పెట్టినవాటిని ఆరు నెలలకొకసారి తీసి, నీడలో గాలికి ఆరవేసి, పాత మడత మీద కాక వేరే చోట మడిచి, ఆ తేదీని కూడా అదే నోటు పుస్తకంలో రాయండి.