విలేకరి ఉద్యోగంలో చేరే ముందు, చేరాక: మీ జీతం సంగతి మీరే ఆరా తీయండి

పక్కవాడి జీతం రెండు నెలలు ఆగితే నాలుగు కాలమ్‌ల వార్త రాసే మనం, మన జీతం ఆగితే మాత్రం క్యాంటీన్‌లో గొణుక్కుని ఊరుకుంటాం. ఈ అలవాటు పోవడానికి పెద్ద ధైర్యం ఏమీ అక్కర్లేదు. రోజూ అందరి మీదా చేసే పనే, అంటే అడగడం, కాగితం సంపాదించడం, తేదీ రాసి పెట్టుకోవడం, సొంత ఉద్యోగం మీద కూడా చేయాలి.

ఇంటర్వ్యూలోనే మొదలుపెట్టండి. "ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు?" అనగానే అంకె చెప్పేయకండి. ఈ పోస్టుకి మీరు ఎంత అనుకున్నారు సర్ అని ఎదురు అడగండి, నవ్వుతూనే. తప్పక చెప్పాల్సి వస్తే అది చేతికొచ్చే జీతమా, మొత్తం ప్యాకేజీనా అన్నది విడమరిచి చెప్పండి. ప్యాకేజీలో వేరియబుల్ పే అని ఒక ముక్క ఉంటుంది, సంస్థ లాభాన్ని బట్టో, మీ వార్తలకి వచ్చిన క్లిక్కుల్ని బట్టో ఇస్తామంటారు. అది రాదనే లెక్క వేసుకుని, మిగిలినదాంతో ఇల్లు గడుస్తుందో లేదో చూసుకోండి.

ఆ కుర్చీ ఎందుకు ఖాళీ అయిందో కూడా అడగాలి. అక్కడ చెప్పే జవాబుతో ఆగకుండా, అంతకు ముందు అక్కడ పనిచేసిన మనిషిని వెతికి ఫోన్ చేయండి, సోర్సుల్ని పట్టుకోవడం మనకి కొత్త కాదు కదా. జీతం ఏ తేదీన పడేది, వీక్లీ ఆఫ్ నిజంగా దొరికేదా, వార్త మీద లీగల్ నోటీసు వస్తే ఎడిటర్ రిపోర్టర్ పక్కన నిలబడ్డాడా లేక "వాడు నాకు చెప్పకుండా రాశాడు" అని తప్పించుకున్నాడా, ఇవి అడగండి. నా దృష్టిలో చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. జీతం తక్కువైనా కొన్నాళ్లు ఓర్చుకోవచ్చు, కానీ కేసు పడిన రోజు వెనక ఎవరూ లేకపోతే ఆ ఉద్యోగం చేయడం కష్టం.

టెస్టు పెడితే రాయండి. ఒక అనువాదం, రెండు హెడ్డింగులు, ఒక ఇంట్రో, అంతవరకు న్యాయమే. "వారం రోజులు వచ్చి కూర్చోండి, చూద్దాం" అంటూ మీతో పేజీలు పెట్టించుకుంటే మాత్రం అది టెస్టు కాదు, ఉచిత చాకిరీ. ఇది అచ్చవుతుందా, అయితే ఎంత ఇస్తారు అని అడగండి. స్టోరీ ఐడియాలు పది రాసివ్వమంటే ఒక్కోదానికి ఒక్క వాక్యం చాలు, ఎవరితో మాట్లాడాలో, పత్రాలు ఎక్కడున్నాయో రాయొద్దు. ఇంటర్వ్యూలో ఇచ్చిన ఐడియా నెల తిరక్కుండా వేరేవాళ్ల బైలైన్‌తో, అంటే రాసింది వాళ్లే అన్నట్టు వాళ్ల పేరుతో, రావడం ఈ ఫీల్డులో వింతేం కాదు.

ఇక ఆఫర్ లెటర్. మొదటి పేజీలో జీతం చూసి సంతకం పెట్టేస్తారు చాలామంది, అసలు సంగతంతా వెనక పేజీల్లో ఉంటుంది. ప్రొబేషన్ ఎన్నాళ్లు, అది అయ్యాక కన్ఫర్మేషన్ లెటర్ ఇస్తారా లేక అలాగే సాగదీస్తారా, నోటీస్ పీరియడ్ ఇద్దరికీ ఒకటేనా లేక మీకు మూడు నెలలూ వాళ్లకి ఒక్క రోజేనా చూడండి. "ప్రచురితమైన అంశాల వల్ల కలిగే నష్టానికి ఉద్యోగి బాధ్యత వహించాలి" లాంటి వాక్యం కనిపిస్తే అక్కడే ఆగండి. వార్తలు దిద్దే డెస్కూ ఎడిటరూ చూసి ఓకే చేసిన కాపీకి, అంటే మీరు రాసిచ్చిన వార్తకి, మీరొక్కరే ఎందుకు బాధ్యులవుతారు? తీసేయమనండి. యాడ్స్ టార్గెట్, అంటే విలేకరే ఇన్ని ప్రకటనలు తేవాలన్న షరతు, ఉంటుందా అన్నదీ ముందే తేల్చుకోండి.

నోటిమాటగా ఇచ్చిన హామీలకి ఆ రోజే మెయిల్ పెట్టాలి. ఇలా:

"సర్, ఇవాళ ఫోన్‌లో మీరు చెప్పిన ప్రకారం ఆరు నెలల తర్వాత జీతం పెంచుతారు, నైట్ షిఫ్ట్‌కి క్యాబ్ ఉంటుంది, ఆదివారం పనిచేస్తే కాంప్ ఆఫ్ (బదులుగా ఇంకో రోజు సెలవు) ఇస్తారు. ఇందులో ఏమైనా తేడా ఉంటే చెప్పగలరు."

ఇందులో గొడవ లేదు, నిష్ఠూరం లేదు. జవాబు రాకపోయినా తేదీతో సహా మీ దగ్గర ఒక కాగితం ఉంటుంది.

చేరాక పక్కవాళ్లతో జీతాలు మాట్లాడుకోండి. మొహమాటంగానే ఉంటుంది, ముందు మీ అంకె చెప్పండి, వాళ్లూ చెప్తారు. బీబీసీలో చైనా ఎడిటర్‌గా చేసిన క్యారీ గ్రేసీ ఆ పోస్టులోకి వెళ్లేటప్పుడే మగవాళ్లతో సమానంగా జీతం అడిగారు, ఇస్తున్నారనే అనుకున్నారు. 2017 జులైలో ఏడాదికి 1,50,000 పౌండ్లకి పైగా తీసుకునేవాళ్ల జాబితాని బీబీసీ బయటపెట్టాకే తేడా తెలిసింది. 2018 జనవరిలో ఆ పోస్టు వదిలేసి పోరాడారు, జూన్‌లో సంస్థ క్షమాపణ చెప్పి బకాయి చెల్లించింది. అంత పేరున్న మనిషికే పక్క కుర్చీ జీతం తెలియలేదంటే చూడండి.

ఫ్రీలాన్స్ చేసేవాళ్లు రాయడం మొదలుపెట్టకముందే అడగాల్సినవి: రేటు ఎంత, డబ్బు కాపీ ఒప్పుకున్నప్పుడా లేక అచ్చయినప్పుడా, వేయకపోతే ఎంతో కొంత ఇస్తారా, ప్రయాణ ఖర్చు ఎవరిది. "అచ్చయ్యాక" అంటే ఎన్నాళ్లయినా పట్టొచ్చు. న్యూయార్క్ నగరంలో 2017 మే నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం 800 డాలర్లు, ఆపైన పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, గడువు రాయకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. మీ దగ్గర అలాంటి చట్టం లేకపోయినా ఇన్‌వాయిస్ మీద "30 రోజుల్లో" అని రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మేనేజర్ల సంగతి. రాత్రి పదకొండుకి ఫోన్ చేసి వార్త యాంగిల్ మార్చమని చెప్పి, పొద్దున్న మీటింగ్‌లో ఇదెవరు మార్చారని అరిచేవాళ్లు ఉంటారు. ఫోన్ పెట్టేసిన వెంటనే "మీరు చెప్పినట్టు రెండో పేరా తీసేసి పంపుతున్నాను" అని మెసేజ్ పెట్టండి, టెన్షన్ సగం తగ్గుతుంది. వాట్సాప్ గ్రూపులో కోపంగా జవాబివ్వకండి, స్క్రీన్‌షాట్ మీకే తగులుతుంది. హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లండి కానీ వాళ్లు పనిచేసేది సంస్థ కోసమని గుర్తుపెట్టుకుని, తేదీలతో రాసుకున్న నోట్సుతో, కుదిరితే ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి. యూనియన్ ఉంటే చేరండి, గొడవ వచ్చాక కాదు, ముందే.

ఇంకొకటి, మీ వార్తలన్నీ పీడీఎఫ్‌లుగా సొంత డ్రైవ్‌లో దాచుకోండి. 2017 నవంబరులో డీఎన్‌ఏఇన్ఫో, గోథమిస్ట్ అనే స్థానిక వార్తల వెబ్‌సైట్లని యజమాని ఒక్కసారిగా మూసేశాడు, న్యూయార్క్ సిబ్బంది యూనియన్‌కి ఓటేసిన వారానికే. పాత వార్తలు తెరిస్తే ఆయన రాసిన లేఖ ఒక్కటే కనిపించింది. ఆర్కైవ్ తర్వాత తిరిగొచ్చింది గానీ, కొత్త ఉద్యోగానికి క్లిప్పింగులు చూపించాల్సిన వాళ్లకి ఆ రోజు అందులో ఏదీ దొరకలేదు. నెలకోసారి పే స్లిప్ డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఇదీ చేసేస్తే సరి, ఆఫీసు మెయిల్ లాగిన్ ఏ రోజు ఆగిపోతుందో మీకు ముందుగా ఎవరూ చెప్పరు.