తెరకెక్కని రేసు సినిమా నుంచి బొమ్మల పుస్తకం – 3వ పాఠం: ఒక ల్యాప్, ఒక ఫారం

జాన్ స్టర్జెస్ దర్శకత్వంలో స్టీవ్ మెక్వీన్ కథానాయకుడిగా వార్నర్ బ్రదర్స్ తలపెట్టి, 1966లో విరమించుకున్న 'డే ఆఫ్ ది ఛాంపియన్'ను మన అభ్యాసానికి ఎంచుకున్నాం. ఫార్ములా వన్ మీదే జాన్ ఫ్రాంకెన్‌హైమర్ తీస్తున్న 'గ్రాండ్ ప్రీ' చురుగ్గా సాగిపోవడం, తైవాన్‌లో మరో చిత్రం షూటింగ్ ఆలస్యమై మెక్వీన్ అక్కడే చిక్కుకుపోవడం ఈ ప్రయత్నాన్ని దెబ్బతీశాయి. అయితే 1965 జర్మన్ గ్రాండ్ ప్రీ సందర్భంగా స్టర్జెస్ బృందం నూర్బర్గ్‌రింగ్ ట్రాక్‌లో నిజమైన పందేన్ని కెమెరాకెక్కించింది. అందువల్ల మన ఊహ గాలిలో మొదలు కానక్కరలేదు.

ఈ పాఠంలో ఆ ట్రాక్ మీది ఒక ల్యాప్‌ను, అంటే ఒక పూర్తి చుట్టును, 16 పేజీల ఫారంలో (మడిచి ఒకటిగా కుట్టే కాగితాల కట్టలో) పరచడం నేర్చుకుందాం. అప్పట్లో ల్యాప్ పొడవు దాదాపు 22.8 కిలోమీటర్లు, ఆనాటి విజేత జిమ్ క్లార్క్ తన లోటస్ 33లో నమోదు చేసిన అత్యంత వేగవంతమైన ల్యాప్‌కు 8 నిమిషాల 24 సెకన్లు పట్టింది. ఈ దూరాన్ని పేజీల సంఖ్యతో భాగించి సమానంగా పంచాలన్న ఆలోచన మొదట కలుగుతుంది. దయచేసి దానికి లొంగకండి. ఐఫెల్ కొండల్లోని ఈ దారికి అన్నిచోట్లా ఒకే ప్రాధాన్యం లేదు.

ముందుగా ట్రాక్ మీద ఫ్లూగ్‌ప్లాట్స్ అనే చోట ఆగుదాం. అప్పట్లో అక్కడ గట్టు దాటగానే కార్లు నేలను వదిలి లేచేవి. 3వ పేజీ కుడివైపున ఉంటుంది కనుక, కారు గట్టు ఎక్కుతున్న దృశ్యాన్ని అందులో, ముందు చక్రాలు అంచును తాకేంతవరకే గీయండి. పాఠకుడు పేజీ తిప్పినప్పుడు 4, 5 పేజీల మీదుగా నాలుగు చక్రాలూ గాలిలో ఉండాలి. సినిమాలో ఎడిటర్ చేసే కోత పుస్తకంలో పాఠకుడి చేతిలో ఉంటుంది. ఆ క్షణాన్ని అతనికే వదిలేయడం ఈ కళలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

ల్యాప్ సగం దాటాక కారుసెల్ వస్తుంది. ఎడమకు తిరిగే ఈ మలుపులో లోపలి అంచున వాలుగా పరచిన కాంక్రీటు పలకల మీదికి కారు దిగుతుంది. దీనిని 8, 9 పేజీలకే కేటాయించండి. కుట్టు బైండింగ్‌లో ఫారం నడిమి పేజీలు రెండూ ఒకే కాగితం మీద ఉంటాయి కాబట్టి, బొమ్మ మధ్యలో అతుకు తేడా రాదు. డ్రైవర్ కంటితో చూపేటట్లయితే, కారు ఎడమకు ఒరిగినందువల్ల క్షితిజరేఖ ఎడమవైపు పైకి, కుడివైపు కిందికి వాలాలి. స్టీరింగ్‌ను, చేతులను కుట్టు గాడికి దూరంగా ఉంచండి. అక్కడ పడినది పేజీల మడతలో మునిగిపోతుంది.

చివర వచ్చే పొడవైన డ్యోటింగర్ హ్యోయె తిన్నని దారికి ఒక్క సన్నని అడ్డపట్టీ చాలు.

ఒక నియమాన్ని మాత్రం సడలించవద్దు. స్టర్జెస్ బృందం చూసిన పందేన్ని ఆధారం చేసుకున్న బొమ్మలకూ, మీరు కల్పించిన కథానాయకుడి బొమ్మలకూ గీతలోనే తేడా కనిపించాలి: మొదటివాటిని బొగ్గుతోనూ, రెండవవాటిని నీటిరంగులతోనూ వేయవచ్చు. జరగని చిత్రీకరణను జరిగినట్లు నమ్మించడం ఆ బృందానికి అన్యాయం.

వచ్చే పాఠానికల్లా నాలుగు కాగితాలను సగానికి మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చి 16 పేజీల డమ్మీ కాపీ తయారుచేసి, పెన్సిల్‌తో ల్యాప్ మొత్తం గీసి సిద్ధంగా ఉంచుకోండి. అప్పుడు 1.5 లీటర్ల ఇంజిన్ల నాటి కార్ల రంగులను దానిమీదే సరిచూద్దాం.